సామాను దగ్గర ఎవరుంటారు?

ఈ పార్కుకి వచ్చిన ప్రతిసారీ గేటు దగ్గరే మావాళ్ళ పరువు తీస్తాను. టెక్సస్‌లో మా ఊరు ప్లేనో నుంచి పొద్దున్నే బయల్దేరి, రెండు కార్లలో టెంట్లూ మెత్తలూ రైస్ కుక్కరూ కుక్కుకుని వచ్చి, టికెట్లిచ్చే చెక్కగది కిటికీ ముందు ఆగగానే నేను వెనక సీట్లోంచి తల బయట పెడతాను. మా ఆయన కళ్ళు మూసుకుంటారు. మా అమ్మాయి స్వాతి "అమ్మా, ప్లీజ్" అంటుంది. ఈసారీ అంతే జరిగింది. కిటికీలో ఉన్న రేంజరమ్మాయితో నాకొచ్చిన ఇంగ్లీషులో మొదలుపెట్టాను. "చూడమ్మా, వీళ్ళంతా మీ గుట్టలెక్కుతారు, మీ నదిలో దిగుతారు, మీ దారులన్నీ తొక్కి అరగదీస్తారు. నేను కుర్చీ వేసుకుని ఒక్కచోట కూర్చుంటాను. నాకూ వాళ్ళకీ ఒకటే టికెట్ అంటే ఎలా?" ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు. "నది చూడనందుకు తగ్గించడం మా దగ్గర లేదండీ. చూస్తే మాత్రం అదే టికెట్‌లో వచ్చేస్తుంది" అని నవ్వి చీటీ చేతిలో పెట్టింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ బేరాల మధ్య పెరిగినదాన్ని, చీటీ పుచ్చుకుని తల లోపలికి లాక్కున్నాను. ఎదుటి మనిషి నవ్వుతూ నిజం చెప్పేస్తే ఇక తగ్గించమని అడగడానికి ఏమీ మిగలదు.

నిజమే మరి. ఏటేటా చలి ముదరకముందే ఈ పార్కుకి వస్తూనే ఉన్నాం. మేం టెంట్లు వేసే చోటికి నది ఎంతో దూరం లేదు. గాలి ఇటు తిరిగితే బురద వాసన వస్తుంది. అయినా ఆ నదిని నేను చూసింది మావాళ్ళ ఫోన్లలోనే. టెంట్లు లేచి, పెట్టెలు దిగి, అందరూ ఉప్మా తిని బూట్ల తాళ్ళు బిగించుకున్నాక ఎవరో ఒకరు ఒక ప్రశ్న అడుగుతారు. "సామాను దగ్గర ఎవరుంటారు?" అడగడం ఊరికే మర్యాదకి. జవాబు అప్పటికే మడత కుర్చీ విప్పుకుని కూర్చుని ఉంటుంది.

ఈసారి మాత్రం ఇంటి దగ్గరే ఒక నిర్ణయం చేసుకుని వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. వచ్చే నెలలో నా కుడి మోకాలికి ఆపరేషన్. అది కోలుకునేలోపే స్వాతీ అల్లుడూ ఉద్యోగాలు మారి కాలిఫోర్నియాలో డబ్లిన్ వెళ్ళిపోతున్నారు. ఈ పార్కు బుక్ చేసేది స్వాతి, టెంట్లు స్వాతివి, నలుగురినీ ఫోన్లు చేసి లేపేది స్వాతి. అది కదిలిపోతే ఈ ప్రయాణం ఇక ఉండదు. మా ఆయనని నమ్ముకుంటే మేము కూరగాయల మార్కెట్ దాటం. అంచేత ఇదే ఆఖరుసారి, ఈసారి ఆ నది దాకా నడిచి తీరాలి అనుకున్నాను. పెద్ద కోరికేం కాదు. టికెట్ కూడా కొనేశారు కదా.

తీరా ఆ ఘడియ రానే వచ్చింది. మాతో ప్రతిసారీ వచ్చే శ్రీకాంత్, వరంగల్ కుర్రాడు, నీళ్ళ సీసాలు భుజాన వేసుకుని, "మరి సామాను దగ్గర ఎవరుంటరు?" అన్నాడు. అని, తనే నా వైపు తిరిగి, "ఆంటీ ఉన్నది గదా! ఆంటీ ఉంటే కెమెరాలు పెట్టినట్టే" అన్నాడు. అందరూ నవ్వారు. నేను లేచి, నేనూ వస్తున్నానర్రా అనాలి. నోట్లోంచి మాత్రం, "వెళ్ళండి, వెళ్ళండి. నేనుంటాగా" అనే వచ్చింది. ఎన్నేళ్ళ అలవాటో, నన్నడక్కుండానే బేరం కుదుర్చుకుంది. మా ఆయన టోపీ పెట్టుకుని, చేతికర్ర ఊపుకుంటూ దండు ముందు నడిచారు. చెట్ల మధ్య వాళ్ళ మాటలు కాసేపు వినిపించి, పల్చబడి, ఆగిపోయాయి. నేనూ, నా మోకాలూ, బల్ల మీద కోటేశ్వరమ్మా మిగిలాం.

కోటేశ్వరమ్మ అంటే మా స్టీలు క్యారియర్. నాలుగు గిన్నెలది, పక్కన నొక్కుడు పట్టీ ఉంటుంది, పై మూత మీద చుక్కల అక్షరాలతో ఆ పేరు కొట్టి ఉంటుంది. కోటేశ్వరమ్మగారు మీ అమ్మగారా అని ఇక్కడ అడగనివాళ్ళు లేరు. ఆవిడెవరో నాకు తెలియదు. మాది కృష్ణ ఒడ్డున చిన్న ఊళ్ళో పాత్రల కొట్టు. నాన్నా పెదనాన్నా కలిసి నడిపేవారు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక గుమ్మం. కొన్న ప్రతి గిన్నె మీదా పేరు కొట్టించుకోవడం ఆ రోజుల్లో ఆనవాయితీ. సన్న ఉలీ చిన్న సుత్తీ పట్టుకుని ఆ పేర్లు కొట్టేది మా పెద్దమ్మ. పేరు కొట్టించుకుని, మళ్ళీ వస్తామని వెళ్ళి రానివాళ్ళ సామాను, ఒకరి పేరు బదులు ఇంకొకరిది పడ్డ సామాను ఎవరికి అమ్ముతాం? అవన్నీ గుమ్మం దాటి మా వంటింట్లోకి వచ్చేవి. నాన్న 'సుబ్బాయమ్మ జ్ఞాపకార్థం' అని రాసి ఉన్న కంచంలో తినేవాడు. నాకు వచ్చింది 'నూతన వధూవరులకు శుభాకాంక్షలతో'. ఊరందరి పేర్లూ మా ఇంట్లో ఉండేవి, మా పేరున్న గిన్నె ఒక్కటి ఉండేది కాదు. సామాను మీద మన పేరే కొట్టుకుని ఇంట్లో పెట్టుకుంటే అమ్ముకునేదేమిటని పెదనాన్న వాదన.

ఆ ఇంటి వాసన ఇప్పుడు ఎక్కడా దొరకదు. పొద్దున్నే కొట్టు ముందు కళ్ళాపి తడి, సాంబ్రాణి, కొత్త సామాను పెట్టెల్లోంచి తీసిన ఎండుగడ్డి, మార్పిడికి వచ్చిన పాత ఇత్తడిని తోమడానికి పెరట్లో నానేసిన చింతపండు. బోణీ అయ్యేదాకా నాన్న నవ్వేవాడు కాదు. అయ్యాక కోప్పడేవాడు కాదు. కొట్టు మూశారు అనకూడదు, కట్టేశారు అనాలి. లేదు అనకూడదు, నిండుకుంది అనాలి. తాళం వేశాక దాన్ని గట్టిగా లాగి చూసి, ఆ చేతిని కళ్ళకద్దుకోవాలి. బేరం నేర్పింది మాత్రం పెద్దమ్మే. ఎవరైనా ధర దగ్గర బిగుసుకుంటే ఆవిడ తలుపు చాటు నుంచి, "అది తగ్గదమ్మా, కావాలంటే మీ అత్తగారి పేరు కూడా కొట్టి పెడతాను" అనేది. అత్తగారి పేరు మాటెత్తగానే కోడళ్ళు డబ్బు తీసేవాళ్ళు. అడిగింది ఇవ్వకుండా అడగనిది ఇచ్చి పంపడం ఆవిడ విద్య. నేను అమెరికాలో కార్లు, సోఫాలు, పెళ్ళి హాళ్ళు అన్నీ ఆ విద్యతోనే కుదిర్చాను. స్వాతి పెళ్ళిలో హాలువాడు అద్దె తగ్గించలేదు గానీ, ఎవరికీ అక్కర్లేని కాఫీ యంత్రం ఒకటి రోజంతా నడిపాడు.

కార్తీక మాసంలో ఒక్క ఆదివారం మా బజారు బజారంతా కొట్లు కట్టేసి ఏటి ఒడ్డుకి వనభోజనాలకి వెళ్ళేది. గుండిగలు మా కొట్టువి, బియ్యం కిరాణా వాళ్ళవి, జంపఖానాలు బట్టల కొట్టువి. పెదనాన్న పేక ముక్కలు జేబులో వేసుకుని మొదటి బండిలోనే ఎక్కేసేవాడు. అందరూ ఎక్కాక నాన్న ఇంట్లోకి చూసి అనేవాడు. "కొట్టు దగ్గర ఎవరుంటారు?" పెద్దమ్మ గుమ్మంలోంచే, "నేను లేనూ? పదండి" అనేది. "వదినా, ఈసారైనా మీరు రండి" అనేవాడు నాన్న. "వచ్చే ఏడు చూద్దాంలే మరిదీ. వచ్చేటప్పుడు పులిహోర అడుగుది తెండి, మాడుది" అనేది. చీకటి పడుతుండగా ఇసుక రాలుతున్న పరికిణీలతో మేము వచ్చేసరికి ఆవిడ అరుగు మీద కూర్చుని ఉండేది. పులిహోర పొట్లం అందుకుని, విప్పకుండానే నన్ను ఒకే మాట అడిగేది. "పద్దూ, నీళ్ళెంత దాకా వచ్చాయే?" "పీకల దాకా!" అనేదాన్ని నేను. "చాల్లే కోతలు. ఈ నెల్లో మోకాళ్ళ దాకా ఉంటే గొప్ప" అనేది. ప్రతి ఏడూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు, ఇదే కసురు.

ఒక ఏడు నాన్న మొండికేశాడు. కొట్టు దగ్గర తానే ఉంటానని చాప తెచ్చుకుని గుమ్మంలో పడుకున్నాడు. పెద్దమ్మకి తప్పించుకునే దారి లేక నీలం అంచు చీర కట్టుకుని బండెక్కింది. నా ఆనందం ఇంతా అంతా కాదు. ఆవిడకి ఏరు చూపించేది నేనే అన్నట్టు దారంతా వాగుతూనే ఉన్నాను. తీరా రేవు దగ్గర బండి దిగగానే పెద్దమ్మ ఏం చేసిందంటే, ఉసిరి చెట్టు కింద జంపఖానా పరిచింది, అందరి చెప్పులూ జతలు జతలుగా సర్దింది, గుండిగల మూతలు కట్టుదిట్టం చేసింది, మధ్యలో కూర్చుంది. "మీరు వెళ్ళండర్రా, సామాను దగ్గర నేనుంటా" అంది. నేను వదల్లేదు. ఆవిడ నేర్పిన బేరమే ఆవిడ మీద పెట్టాను. నీళ్ళలోకి రా అన్నాను. రానంది. పోనీ చివరి మెట్టు దాకా అన్నాను. ఊహూఁ. పోనీ లేచి నిలబడి ఇక్కణ్ణుంచే చూడు అన్నాను. అంతకన్నా దిగడానికి ఇంకేం లేదు. పెద్దమ్మ నా జడ సవరించి, "పద్దూ, పొద్దున్న కోడి కన్నా ముందు లేచిన ఒళ్ళే ఇది. ఇంట్లో కూర్చున్నానా, ఎవరో ఒకరు ఏదో ఒక పనికి లేపుతారు. ఇలా సామాను దగ్గర కూర్చుంటే ఎవరూ లేపరు. నువ్వూ లేపకు, నీకు పుణ్యముంటుంది" అంది. నవ్వుతూనే అంది. నేను మూతి ముడుచుకుని నీళ్ళలోకి పరిగెత్తాను. ఆ పైన ఆవిణ్ణి రమ్మని ఎవరూ అడగలేదు. కొట్టు కాపలా ఆవిడ పనిగా ఉండిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళకి ఏరు పక్కకి జరిగి, రేవు మెట్ల ముందు ఇసుక మేట వేసిందని విన్నాను. పెద్దమ్మ అప్పటికి పోయింది.

క్యారియర్ మీది చుక్కల అక్షరాలు వేలితో తడుముతూ ఇదంతా తలుచుకుంటుంటే చిన్న బండి చప్పుడైంది. గేటు దగ్గరి రేంజరమ్మాయి చక్కర్లు కొడుతూ మా వైపు వచ్చింది. నన్ను గుర్తుపట్టి, "ఏమండీ, మీ టికెట్ కుర్చీలోనే ఖర్చు చేస్తున్నారా?" అంది. సామాను కాపలా అని చెప్పాను. ఆ పిల్ల బల్ల మీది డబ్బాలు, బుట్టలు, గిన్నెలు అన్నీ కలయజూసి, ఈసారి నవ్వకుండా చెప్పింది. "తిండి బయట పెట్టకూడదండీ. రకూన్లని చిన్న జంతువులుంటాయి, మీరు ఎదురుగా ఉన్నా ఊరుకోవు, టెంట్ జిప్పులు కూడా తీస్తాయి. అన్నీ కారులో పెట్టి తాళం వేయండి. అది రూలు. బోర్డు మీద కూడా రాసి ఉంటుంది." రాసే ఉంది. ఆ బోర్డుకే ప్రతి ఏడూ నా శాలువా తగిలించేదాన్ని. కారు తాళం ప్రతి ఏడూ నా దగ్గరే ఇచ్చి వెళ్ళేవారు. తిండి కారులో పెడితే ఇక కాపలా కాయడానికి ఏముంటుందో, అంత లెక్క నాకు తెలియక కాదు. బేరగత్తెని కదా, నా కుర్చీ పోయే బేరం నేనెందుకు ఎత్తుతాను?

ఆ పిల్ల వెళ్ళిపోయాక ఒక్కొక్కటే మోసి కారులో సర్దుతూ పెద్దమ్మనీ నన్నూ తక్కెట్లో పెట్టి చూసుకున్నాను. ఇంటెడు చాకిరీ మీద బతికిన మనిషి ఆవిడ. కూర్చోవడానికి ఆవిడకి ఒక సాకు కావలసి వచ్చింది. నాకా, గిన్నెలు కడగడానికి మిషనుంది, బట్టలకి మిషనుంది, కూర్చుంటే లేపేవాళ్ళే లేరు. పిల్లదానికి నా అవసరం తీరింది. మా ఆయన టీ ఆయనే పెట్టుకుంటారు. మరి నా అలసట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. ఏ పనీ లేని అలసటని ఎవరికి చూపిస్తాం? అందుకని దానికి కాపలా అని పేరు కొట్టాను. ఆవిడకి కూర్చోవడానికి సాకు కావలసి వస్తే, నాకు లేవకపోవడానికి కావలసి వచ్చింది. రెండూ ఒకటే సరుకులా కనిపిస్తాయి గానీ, చేత్తో ఎత్తి చూస్తే బరువు తేడా తెలుస్తుంది.

అన్నీ లోపల పడ్డాక కారు తలుపు వేసి, తాళం పడ్డదా లేదా అని గట్టిగా లాగి చూసి, చేతిని కళ్ళకద్దుకున్నాను. కొట్టు కట్టేశాను. కోటేశ్వరమ్మని మాత్రం చేతిలో పట్టుకున్నాను, దాన్ని వదిలి వెళ్ళబుద్ధి కాలేదు.

దారి పొడుగునా నా మోకాలితో బేరమే. ఆ బెంచీ దాకా చాలు అన్నాను, బెంచీ వచ్చాక, ఇంత దూరం వచ్చి ఊరికే పోతామా, ఆ వంగిన చెట్టు దాకా అన్నాను. మోకాలు నాకన్నా గట్టి పిండం. మెలికలు పెట్టింది, చెమటలు పట్టించింది. అది బిగుసుకున్నప్పుడల్లా పెద్దమ్మ పద్ధతిలో అడగనిది ఇచ్చాను. ఇంకో నెలలో నీకు కొత్త స్టీలు సామాను వేయిస్తున్నాను కదా, ఈ ఒక్క వంపు దిగు అన్నాను. ఎండిన ఆకుల కింద రాళ్ళున్నాయి. నన్ను దాటిపోతున్న తెల్లవాళ్ళు, ముసలి దంపతులు, నా చేతిలోని క్యారియర్‌ని చూసి, అదేదో పరికరం అనుకున్నారో ఏమో, గౌరవంగా పక్కకి తప్పుకున్నారు. బురద వాసన దగ్గరవుతోంది.

నది కనబడకముందే మావాళ్ళు ఎదురొచ్చారు. ముందు శ్రీకాంత్. నన్ను చూసి కొయ్యబారిపోయాడు. "ఆంటీ! మీరేంది ఈడ? మరి సామాను దగ్గర ఎవరున్నరు?"

"ఎవరూ లేరు. కొట్టు కట్టేశాను."

"అయ్యో, చికెన్ మొత్తం బయటనే ఉండె గదా ఆంటీ!"

"కారులో ఉంది నాయనా, భయపడకు. ఇదిగో తాళం. నమ్మకం లేకపోతే నువ్వే పోయి కాపలా కూర్చో."

శ్రీకాంత్ నిజంగానే పరుగు లాంటి నడకతో పోయాడు. మా ఆయన టోపీ తీసి నన్ను పైనుంచి కింది దాకా చూసి, "ఎలా వచ్చావు?" అన్నారు. "బేరమాడుకుంటూ" అన్నాను. ఆయన తన చేతికర్ర నా చేతిలో పెట్టి, క్యారియర్ తాను అందుకున్నారు. స్వాతి మాత్రం నా ముందుకొచ్చి అడ్డంగా నిలబడింది.

"అమ్మా, ఆర్ యూ ఓకే? నీ మోకాలు హర్ట్ అవుతుందా? ముందు చాలా స్లోప్ ఉంది. వెనక్కి వెళ్దాం, ప్లీజ్."

"ఇంత దూరం వచ్చి? కాళ్ళు తడుపుకుని వచ్చేస్తా."

"నో వే. పై నుంచి చూడు. వ్యూ బాగుంటుంది."

"వ్యూ ఫోన్లో చూశాను. నీళ్ళలో పదిహేను నిమిషాలుంటా."

"ఫైవ్. నేను పట్టుకుంటాను."

"పది."

"సెవెన్. ఫైనల్. షూస్ నేను తీస్తాను."

బూట్లు నేను అడగలేదు. అడగనిది ఇచ్చింది. ఎవరూ నేర్పకుండానే దీనికి ఈ విద్య ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసుకుని, ఒప్పేసుకున్నాను. ఒక పక్క స్వాతి, ఇంకో పక్క మా ఆయన, నన్ను కొత్త బీరువాని దించినట్టు ఆ ఒడ్డు దించారు.

నది చూడగానే గుండె ఉప్పొంగిందని రాస్తే అబద్ధం. గోధుమ రంగు నీళ్ళు, అవతల గట్టున కొట్టుకొచ్చిన మొద్దులు, పడవలో ఎవరో గాలం వేసుకుని కునుకు తీస్తున్నారు. ఇన్నేళ్ళు నేను చూడకుండా దాచిపెట్టుకున్న సరుకు ఇదా అనిపించింది. స్వాతి మోకాళ్ళ మీద కూర్చుని నా బూట్లు విప్పి, మేజోళ్ళు వాటిలో కుక్కి, రెండూ ఒక జతగా రాతి మీద పెట్టింది. పాదం పెడితే చల్లదనం ఎముక దాకా తగిలింది. మెల్లగా ఇంకో అడుగు, ఇంకోటి. బురద వేళ్ళ సందుల్లోంచి పైకి వచ్చింది. మోకాలి చుట్టూ నీళ్ళు తిరుగుతుంటే ఆ నొప్పి పోలేదు గానీ, కాసేపు నోరు మూసుకుంది. ఒడ్డున మా ఆయన రాతి మీద కూర్చుని, కోటేశ్వరమ్మ మూత తీసి పులిహోర వాసన చూస్తున్నారు.

"అడుగుది నాకు ఉంచండి" అని అరిచాను.

"అమ్మా, ఇంకా లోపలికి వద్దు. అక్కడ ఎంత డీప్ ఉందో నీకు తెలీదు. నీళ్ళు ఎంత దాకా వచ్చాయి?" అంది స్వాతి, నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుని.

పీకల దాకా అందామని నోటి దాకా వచ్చింది. కోతలు కోసే వయసు దాటిపోయింది. ఆ ప్రశ్న అడగాల్సిన పెద్దమ్మా లేదు, ఆవిడ కూర్చునే ఆ అరుగూ లేదు.

"మోకాళ్ళ దాకానే" అన్నాను.